చంటిపిల్లల్లో ఆర్‌ఎస్‌వీ: గుర్తుపట్టడం, ఇంట్లో చూసుకోవడం, రాకుండా కాపాడుకోవడం

ఇంట్లో అందరికీ ఒకేసారి జలుబు చేస్తుంది. పెద్దవాళ్లకి నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. బడికెళ్లే పిల్లకి ఓ వారం పడుతుంది. నెలల బిడ్డ మాత్రం నాలుగో రోజుకి పాలు తాగలేక, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటుంది. ముగ్గురికీ సోకింది ఒకటే వైరస్. పూర్తి పేరు రెస్పిరేటరీ సిన్‌సిషియల్ వైరస్, అందరూ అనేది ఆర్‌ఎస్‌వీ అని.

ఇదేం కొత్త జబ్బు కాదు. 1956లో జలుబు చేసిన చింపాంజీల్లో మొదట బయటపడింది, మరుసటి ఏడాదే జబ్బుపడిన పసిపిల్లల్లోనూ దొరికింది. రెండేళ్లు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకీ ఒక్కసారైనా సోకుతుంది. ఎక్కువమందికి మామూలు పడిశంలా వచ్చి పోతుంది. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో ఏటా 36 లక్షల మందికి పైగా దీనివల్ల ఆసుపత్రిలో చేరుతున్నారు, సుమారు లక్ష మంది చనిపోతున్నారు. ఆ మరణాల్లో 97 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే. ఎవరో ఒకరు వేళకి గుర్తుపట్టి, వేళకి ఆక్సిజన్ అంది ఉంటే వీళ్లలో చాలామంది బతికేవాళ్లు.

అందుకే ఈ మార్గదర్శి అంతటా ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. థర్మామీటర్ కన్నా, దగ్గు చప్పుడు కన్నా, టెస్ట్ రిపోర్టులో ఉన్న వైరస్ పేరు కన్నా బిడ్డ ఊపిరి ఎలా ఉంది, పాలు ఎంత తాగుతోంది అన్న రెండూ ముఖ్యం. ఈ రెండూ చూడటానికి డాక్టరు కానక్కర్లేదు. పక్కన కూర్చుని ఓపిగ్గా గమనించే మనిషి ఉంటే చాలు.

1. ముందు ఈ వైరస్ ఏం చేస్తుందో తెలుసుకోండి

వైరస్ ముక్కులోంచో కంట్లోంచో లోపలికి వెళ్తుంది. సోకిన నాలుగు నుంచి ఆరు రోజులకి లక్షణాలు మొదలవుతాయి. మొదట ముక్కు, గొంతు. అక్కడే ఆగితే అది జలుబు. కొంతమంది పిల్లల్లో కిందికి దిగి, ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలిగొట్టాల దాకా వెళ్తుంది. ఆ గొట్టాల లోపలి పొర వాచిపోతుంది, కణాలు రాలి కఫంతో కలిసి దారి మూసేస్తాయి. దీన్నే డాక్టర్లు బ్రాంకియోలైటిస్ అంటారు.

పెద్దవాళ్లకి ఇదే వాపు వస్తే ఎందుకంత ఇబ్బంది ఉండదు? గొట్టం వెడల్పు వల్ల. గాలి సాఫీగా పారే సన్నటి గొట్టం సగానికి ఇరుకైతే గాలికి అడ్డు రెట్టింపుతో ఆగదు, దాదాపు 16 రెట్లు అవుతుంది. పెద్దవాళ్ల గొట్టంలో ఒక మిల్లీమీటరులో కొంత భాగం వాచినా తేడా తెలియదు. చంటిబిడ్డకి గొట్టమే అంత సన్నం. పైగా నెలల పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. ముక్కు మూసుకుపోతే రొమ్ము పట్టుకుని రెండు గుక్కలు తాగి వదిలేస్తారు, ఏడుస్తారు, మళ్లీ పట్టుకుంటారు. ఆకలి లేక కాదు, తాగుతూ ఊపిరి తీసుకోలేక.

ముప్పు ఎక్కువున్న పిల్లలు ఎవరంటే: నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, ఆరు నెలల లోపు వాళ్లు (అందులోనూ మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్లు), పుట్టుకతో గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉన్నవాళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు, కండరాల బలహీనత లేదా రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే ఆ బిడ్డకీ ముప్పు పెరుగుతుంది. అయితే ఒక్క మాట. ఆసుపత్రిలో చేరే పిల్లల్లో ఎక్కువమంది వీళ్లెవరూ కారు, నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన పిల్లలే. కాబట్టి 'మావాడు గట్టివాడు' అని నిశ్చింతగా ఉండకండి.

2. రోజు రోజుకీ ఎలా మారుతుందో గుర్తుంచుకోండి

మొదటి రెండు మూడు రోజులు ముక్కు కారడం, తుమ్ములు, కాస్త దగ్గు, కొంచెం ఒళ్లు వెచ్చబడటం. అసలు జ్వరమే రాకపోవచ్చు కూడా. ఈ దశలో దీన్ని వేరే జలుబుల నుంచి చూపుతో వేరు చేయడం ఎవరి వల్లా కాదు.

మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా గట్టి రోజులు. దగ్గు ఎక్కువవుతుంది, ఊపిరిలో వేగం పెరుగుతుంది, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపించొచ్చు. రెండో రోజు డాక్టరు చూసి 'బానే ఉంది, జలుబే' అని పంపిస్తే, నాలుగో రోజు ఆయాసం వస్తే మళ్లీ వెళ్లడానికి మొహమాటపడకండి. రెండో రోజు ఆయన చెప్పింది ఆ రోజుకి నిజమే. జబ్బు అప్పటికింకా కిందికి దిగలేదు. లక్షణాలు మొదలైన తేదీ ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. 'ఇది ఎన్నో రోజు?' అన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, కంగారులో చాలామందికి గుర్తురాదు.

ఐదో రోజు దాటాక మెల్లగా తేరుకుంటారు. పాలు తాగడం, ఊపిరి ముందు బాగుపడతాయి. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగుతుంది. బిడ్డ హుషారుగా ఉండి, బాగా తాగుతూ, దగ్గొక్కటే మిగిలితే టెన్షన్ పడనక్కర్లేదు.

దీనికి మినహాయింపు రెండు నెలల లోపు బిడ్డలు, మరీ ముఖ్యంగా నెలలు నిండక పుట్టినవాళ్లు. వీళ్లకి దగ్గు, జలుబు సరిగ్గా కనిపించకముందే ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోవడం మొదటి లక్షణంగా రావచ్చు. లేదంటే ఊరికే మగతగా పడుకుని ఉండటం, పాలకి లేవకపోవడం. ఇంత చిన్న బిడ్డలో 'ఇవాళ ఎందుకో తేడాగా ఉంది' అని తల్లికి అనిపిస్తే చాలు, వెంటనే చూపించాల్సిందే.

3. ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి

ఈ మొత్తంలో మీరు ఒక్కటే నేర్చుకోగలిగితే ఇది నేర్చుకోండి. బిడ్డకి ఏ జబ్బూ లేనప్పుడే ఒకసారి చేసి చూడండి. అప్పుడు మామూలుగా ఎంత ఉంటుందో మీకు తెలిసిపోతుంది.

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో, ఏడవకుండా ఒళ్లో పడుకున్నప్పుడో చూడాలి. ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా, అప్పుడే ఆడి అలిసినా లెక్క తప్పుతుంది. చొక్కా పైకి ఎత్తి పొట్ట, ఛాతీ రెండూ కనిపించేలా పెట్టండి. వెలుతురు ఉండాలి. ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టండి. పొట్ట ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయొద్దు, ఎందుకంటే చంటిపిల్లలు గబగబా నాలుగు ఊపిర్లు తీసి కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడుతుంటారు. ఆ కాసేపు, అంటే ఐదు పది సెకన్ల లోపు ఆగడం, నెలల పిల్లల్లో మామూలే. ఎక్కువ వచ్చినట్టు అనిపిస్తే ఐదు నిమిషాలు ఆగి రెండోసారి లెక్కపెట్టండి. జ్వరం ఉన్నప్పుడు వేగం కొంత పెరుగుతుంది కాబట్టి జ్వరం దిగాక కూడా ఒకసారి చూడండి. అయితే బిడ్డ ఇబ్బందిపడుతున్నట్టు కనిపిస్తే జ్వరం దిగేదాకా ఆగొద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దులు ఇవి: రెండు నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే ఊపిరి వేగం ఎక్కువున్నట్టు. ఆ బిడ్డని ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

అంకె ఒక్కటే సరిపోదు, ఊపిరి తీయడానికి బిడ్డ ఎంత కష్టపడుతోందో కూడా చూడాలి. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు ఛాతీ కింది భాగం లోపలికి గుంటపడుతోందా? మన ఇళ్లల్లో 'డొక్కలు ఎగరేస్తోంది' అనేది దీన్నే, అది చాలా పనికొచ్చే పరిశీలన. మెడ కింద, కంఠం దగ్గర గుంటలో చర్మం లోపలికి పీక్కుపోతోందా? ముక్కుపుటాలు వెడల్పవుతున్నాయా? ప్రతి ఊపిరికీ తల ముందుకీ వెనక్కీ ఊగుతోందా? ఊపిరి వదిలేటప్పుడు చిన్నగా మూలుగు వస్తోందా? మూలుగు మామూలు విషయం అనుకుంటారు చాలామంది. వాచిన ఊపిరితిత్తి మూసుకుపోకుండా బిడ్డ తన బలమంతా పెట్టి ఆపుకుంటున్న చప్పుడు అది. మూలుగు వినిపిస్తే ఆలస్యం చేయొద్దు.

ఫోన్లో ముప్పై సెకన్ల వీడియో తీసి పెట్టుకోండి. దారిలో బిడ్డ నిద్రపోయి, అక్కడికి వెళ్లేసరికి లక్షణం కనపడకపోతే ఆ వీడియో డాక్టరుకి ఎంతో పనికొస్తుంది. తగ్గుతోందా పెరుగుతోందా అని రేపు పోల్చుకోవడానికి మీకూ పనికొస్తుంది.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ గురించి కూడా చెప్పాలి. పెద్దవాళ్ల వేలికి చేసిన క్లిప్పు పసిబిడ్డ వేలికి సరిగ్గా పట్టదు, అంకె తప్పు చూపిస్తుంది. 98 చూపించిందని డొక్కలు ఎగరేస్తున్న బిడ్డని ఇంట్లో ఉంచకూడదు.

4. ఎప్పుడు పరుగెత్తాలి

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంబులెన్స్ పిలవండి, లేదా దగ్గర్లో ఆక్సిజన్ సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లండి:

- ఊపిరి పది పదిహేను సెకన్లు, అంతకన్నా ఎక్కువ ఆగడం
- నాలుక, పెదాలు, చిగుళ్లు నీలంగా లేదా బూడిదరంగులోకి మారడం (చామనఛాయ, నలుపు ఒంట్లో చర్మం మీద తెలియదు, నోట్లోనే చూడాలి)
- ప్రతి ఊపిరికీ మూలుగు, లేదా డొక్కలు లోతుగా గుంటపడటం
- లేపినా లేవకపోవడం, ఒళ్లు వేలాడేయడం, పాలు అసలే పట్టకపోవడం
- గబగబా ఊపిరి తీసిన బిడ్డ, అలిసిపోయి ఉన్నట్టుండి నెమ్మదించడం

చివరిదాన్ని చూసి 'హమ్మయ్య, తగ్గింది' అనుకుని మోసపోతారు. నిజంగా తగ్గిన బిడ్డ కళ్లు తెరిచి చూస్తుంది, పాలు అడుగుతుంది. అలిసిపోయిన బిడ్డ మాట్లాడించినా పట్టించుకోదు.

ఇంత తీవ్రంగా లేకపోయినా అదే రోజు డాక్టరుకి చూపించాల్సినవి ఉన్నాయి. ఊపిరి వేగం పైన చెప్పిన హద్దు దాటడం, రెండు మూడు పూటలుగా మామూలుగా తాగేదాంట్లో సగం కూడా తాగకపోవడం, ఆరు నుంచి ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, జ్వరం ఉంటే మిగతావన్నీ బాగున్నా సరే వెంటనే చూపించాలి. తగ్గుముఖం పట్టిన బిడ్డకి మళ్లీ పెద్ద జ్వరం వచ్చినా అంతే. దాని వెనక చెవిలోనో ఊపిరితిత్తుల్లోనో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు.

5. ఇంట్లో చూసుకోవడం

ఈ వైరస్‌ని చంపడానికి మామూలుగా వాడే మందు లేదు. ఒళ్లు తనంతట తానే నయం చేసుకుంటుంది. ఆ కొద్ది రోజులు బిడ్డకి నీరు, పాలు, గాలి తగ్గకుండా చూడటమే మన పని.

ముందు ముక్కు. మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు, అంటే 0.9 శాతం ఉప్పునీరు, చాలు. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో ముక్కులో రెండు మూడు చుక్కలు వేసి ఒక నిమిషం ఆగండి, చీమిడి కరుగుతుంది. తర్వాత రబ్బరు బల్బుతో పీల్చాలి. చాలామంది బల్బుని ముక్కులో పెట్టాక నొక్కుతారు. అలా చేస్తే లోపలికి గాలి కొట్టినట్టవుతుంది. ముందు బయటే గట్టిగా నొక్కి పట్టుకుని, మొన ముక్కు అంచులో పెట్టి, అప్పుడు మెల్లగా వదలాలి. మొన లోతుగా దించొద్దు. పాలకి పావుగంట ముందు, నిద్రపుచ్చే ముందు చేస్తే ఫలితం బాగుంటుంది. రోజుకి నాలుగైదు సార్లు మించితే లోపలి పొర రేగి మరింత వాస్తుంది. వాడిన ప్రతిసారీ బల్బుని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి.

పాలు కొంచెం కొంచెంగా, ఎక్కువ సార్లు ఇవ్వాలి. మూడు గంటలకోసారి తాగే బిడ్డకి గంటన్నరకోసారి సగం సగం పట్టండి. తల్లిపాలు ఆపొద్దు, తల్లికి జలుబున్నా ఆపొద్దు. తల్లి చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని ఇస్తే సరిపోతుంది. ఆ పాలలో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు ఉంటాయి. ఆరు నెలల లోపు బిడ్డకి 'ఒళ్లు ఎండిపోతుంది' అని నీళ్లు పట్టకండి. పొట్ట నీళ్లతో నిండి పాలు తగ్గుతాయి, రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం కూడా ఉంది. ఊపిరి బాగా వేగంగా ఉన్న బిడ్డకి బలవంతాన పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ స్థితి వచ్చిందంటే ఆసుపత్రికి వెళ్లాల్సిన వేళ అయిందన్నమాట.

జ్వరం వల్ల బిడ్డ చికాకుగా ఉంటే పారాసిటమాల్ ఇవ్వొచ్చు, బరువుని బట్టి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, 24 గంటల్లో నాలుగు సార్లకి మించకుండా. మూడు నెలల లోపు బిడ్డకి డాక్టరుని అడగందే ఇవ్వకూడదు. ఇక్కడొక ప్రమాదం ఉంది. ఒకే మందు పేరుతో చుక్కల సీసా వేరు, సిరప్ సీసా వేరు. చుక్కల మందు ఒక మిల్లీలీటర్లో సిరప్ కన్నా చాలా రెట్లు ఎక్కువ మందు ఉండొచ్చు. 'పోయినసారి ఇంతే వేశాం' అని గుర్తున్న కొలతతో వేయకండి. సీసా మీద మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో ప్రతిసారీ చదవండి. ఐబుప్రోఫెన్ ఆరు నెలలు దాటాకే. ఆస్ప్రిన్ పిల్లలకి అసలు వద్దు.

పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలానే, చదునైన పరుపు మీదే. ఊపిరి తేలిగ్గా ఆడుతుందని తల కింద దిండు పెట్టడం, ఏటవాలుగా కూర్చోబెట్టి నిద్రపుచ్చడం వద్దు. మెడ ముందుకి వాలి గాలిదారి ఇంకా మూసుకుపోతుంది. మెలకువలో ఉన్నప్పుడు భుజాన నిటారుగా ఎత్తుకుంటే హాయిగా ఉంటుంది. మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా రాత్రిపూట ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకుని మెలకువగా ఉండండి. ఒక్క తల్లి మీదే వదిలేస్తే అలసటలో ఆమె కూడా గమనించలేని స్థితికి వస్తుంది.

6. మంచి మనసుతోనే చేసే తప్పులు

ముందుగా యాంటీబయాటిక్స్. ఇవి వైరస్ మీద పనిచేయవు. చెవి ఇన్ఫెక్షనో బ్యాక్టీరియా న్యుమోనియానో తోడైందని డాక్టరు నిర్ధారిస్తే తప్ప అవసరం లేదు. పాత చీటీ చూపించి కొనుక్కొచ్చి వేయకండి.

దగ్గు, జలుబు సిరప్పులు నాలుగేళ్ల లోపు పిల్లలకి వద్దు. మేలు జరుగుతుందన్న రుజువు లేదు. మగత, గుండె వేగం పెరగడం లాంటి ప్రమాదాలు మాత్రం నిజమైనవి. బిడ్డకి ఆ దగ్గు అవసరం కూడా, కఫాన్ని బయటికి నెట్టేది అదే. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు అర చెంచా తేనె దగ్గుకి ఉపశమనం ఇస్తుంది. ఏడాది లోపు మాత్రం తేనె నాకించడం కూడా కూడదు, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు.

వేడినీళ్ల ఆవిరి పట్టడం వల్ల చంటిపిల్లలకి లాభం కన్నా ఒళ్లు కాలే ప్రమాదమే ఎక్కువ. కర్పూరం ఉన్న బామ్‌లు రెండేళ్ల లోపు పిల్లలకి రాయొద్దు, ముక్కు దగ్గర అసలే వద్దు. ముక్కులో నూనె చుక్కలు వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి వేరే రకం న్యుమోనియా తెస్తుంది. గదిలో పొగ ఏ రూపంలో ఉన్నా హానే, సువాసన కోసం వెలిగించేదైనా, దోమల కోసం వెలిగించేదైనా.

7. ఆసుపత్రిలో ఏం చేస్తారు

ముక్కులోంచి స్వాబ్ తీసి యాంటిజెన్ లేదా పీసీఆర్ పరీక్ష చేయొచ్చు. చాలామంది పిల్లలకి ఆ ఫలితం వల్ల చికిత్స మారదు. కాబట్టి పరీక్ష చేయలేదని డాక్టరు శ్రద్ధ పెట్టలేదనుకోవద్దు. ఛాతీ ఎక్స్‌రే కూడా అందరికీ అక్కర్లేదు.

ఇచ్చే చికిత్స సాదాగా కనిపిస్తుంది, కానీ ప్రాణం నిలిపేది అదే. ముక్కు శుభ్రం చేయడం, ఆక్సిజన్, తాగలేని బిడ్డకి ముక్కు గొట్టం ద్వారా పాలు, లేదా నరం ద్వారా సెలైన్. ఆయాసం ఎక్కువైతే ముక్కు ద్వారా వేగంగా గాలి పంపే హై ఫ్లో యంత్రం, ఇంకా అవసరమైతే సీప్యాప్, అంటే ఊపిరితిత్తులు మూసుకుపోకుండా ఆగకుండా ఒత్తిడితో గాలి పంపే యంత్రం. వెంటిలేటర్ దాకా వెళ్లేది కొద్దిమందే. అమెరికా పిల్లల వైద్యుల సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బ్రాంకియోలైటిస్‌కి సాల్బుటమాల్ నెబులైజేషన్ (గాలిగొట్టాలు తెరిచే మందుని ఆవిరిలా పీల్పించడం), స్టెరాయిడ్లు, ఛాతీ ఫిజియోథెరపీ మామూలుగా వాడొద్దనే ఉంది. అంతకుముందు ఆస్తమా ఉన్న పిల్లల సంగతి వేరు, వాళ్లకి డాక్టరు నిర్ణయిస్తారు. 'ఏ మందూ ఇవ్వట్లేదు, ఊరికే ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టారు' అని బాధపడే తల్లిదండ్రులకి నేను చెప్పేది, ఆ సంయమనం కూడా మంచి వైద్యంలో భాగమే.

8. ఇంట్లో మిగతావాళ్లకి, పక్కింటి బిడ్డకి అంటకుండా

ఈ వైరస్ ఎలా అంటుకుంటుందో తేటగా చూపించిన ప్రయోగం ఒకటుంది. 1981లో కరొలిన్ హాల్ అనే పిల్లల వైద్యురాలు, ఆమె సహచరులు ఆర్‌ఎస్‌వీ సోకిన పిల్లల దగ్గరికి వలంటీర్లని మూడు రకాలుగా పంపారు. బిడ్డని ఎత్తుకుని లాలించిన ఏడుగురిలో ఐదుగురికి సోకింది. బిడ్డ లేనప్పుడు గదిలోని వస్తువులు ముట్టుకుని, తర్వాత తమ ముక్కు, కళ్లు తాకిన పదిమందిలో నలుగురికి సోకింది. ఏమీ ముట్టుకోకుండా ఆరడుగుల ఎడంగా ఊరికే కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ సోకలేదు.

అంటే మాస్కు, గాలి వెలుతురు ఎంత మేలు చేసినా, ఈ వైరస్ విషయంలో చేతులే అసలు దారి. చీమిడి తుడిచిన చేయి, ఆ చేత్తో పట్టుకున్న తలుపు గడియ, ఆ గడియ ముట్టుకుని కన్ను నలుపుకున్న అన్న. గట్టి నున్నటి తలాల మీద ఇది ఆరు గంటల దాకా బతుకుతుంది. బట్ట మీద, కాగితం మీద అరగంట, ముప్పావుగంట. చేతి మీద ఇరవై నిమిషాల దాకా. ఊరటనిచ్చే విషయం ఏంటంటే దీని చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరని చెదరగొట్టేస్తుంది. ఇరవై సెకన్లు సబ్బుతో, వేళ్ల సందులు, గోళ్లు వదలకుండా కడగండి. నీళ్లు లేని చోట 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్.

సోకినవాళ్లు మామూలుగా మూడు నుంచి ఎనిమిది రోజులు అంటిస్తారు, లక్షణాలకి ఒకటి రెండు రోజుల ముందు నుంచే. రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు నాలుగు వారాల దాకా. బడి నుంచి వచ్చిన పెద్ద పిల్లలే ఎక్కువసార్లు దీన్ని ఇంటికి తెస్తారు. వాళ్లని తిట్టకండి. రాగానే చేతులు కడిగి, బట్టలు మార్చుకున్నాక చెల్లిని ముద్దు చేయడం అలవాటు చేయండి, ముక్కు కారుతున్న రోజుల్లో ముద్దు కాలి మీద పెట్టమనండి.

బిడ్డని చూడటానికి వచ్చేవాళ్లని ఆపడం మొహమాటమే. 'జలుబుంటే వచ్చే వారం రండి, బిడ్డ ఎక్కడికీ పోదు' అని తండ్రో అమ్మమ్మో ముందే ఫోన్లో చెప్పేస్తే బాలింత మీద ఆ భారం పడదు. చల్లటి దేశాల్లో చలికాలంలో, వేడి దేశాల్లో ఎక్కువగా వానాకాలంలో ఇది విజృంభిస్తుంది. ఆ నెలల్లో మూడు నెలల లోపు బిడ్డని జనం కిక్కిరిసే చోట్లకి తీసుకెళ్లకపోవడమే మేలు.

9. ఇంట్లో పెద్దవాళ్లని మరిచిపోకండి

ఆర్‌ఎస్‌వీ అనగానే పిల్లల జబ్బు అనుకుంటారు. ఒకసారి వచ్చినా దీనికి శాశ్వత రక్షణ రాదు, జీవితమంతా మళ్లీ మళ్లీ సోకుతుంది. 75 దాటినవాళ్లకి, సీఓపీడీ (గాలిగొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), ఆస్తమా, గుండె వైఫల్యం, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి న్యుమోనియాగా మారొచ్చు, ఉన్న గుండె జబ్బు ముదరొచ్చు. వాళ్లలో జ్వరం సరిగ్గా కనపడదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఉన్నట్టుండి తికమక మాటలు, కాళ్ల వాపు పెరగడం చూడాలి. మాట పూర్తిచేయలేనంత ఆయాసం ఉంటే అది అత్యవసరం. పల్స్ ఆక్సీమీటర్ వీళ్ల విషయంలో పనికొస్తుంది. మామూలుగా బాగుండే మనిషికి 94 కన్నా తగ్గితే డాక్టరుతో మాట్లాడాలి, 90 కిందికి వెళ్తే ఆసుపత్రికి.

10. టీకాలు, యాంటీబాడీ ఇంజెక్షన్

1960లలోనే ఒక టీకా తయారుచేసి పిల్లలకి వేశారు. అది కాపాడకపోగా, తర్వాత వైరస్ సోకినప్పుడు జబ్బు మరింత ముదిరింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ దెబ్బతో దశాబ్దాలపాటు పని కుంటుపడింది. వైరస్ మీదుండే ఎఫ్ ప్రోటీన్ కణంలోకి దూరకముందు ఒక ఆకారంలో, దూరాక వేరే ఆకారంలో ఉంటుందని, మొదటి ఆకారానికి పుట్టే యాంటీబాడీలే బలమైనవని జేసన్ మెక్‌లెలన్, బార్నీ గ్రాహమ్ బృందం 2013లో తేల్చాక దారి తెరుచుకుంది. ఇప్పుడున్నవి దాదాపు అన్నీ ఆ జ్ఞానంతో వచ్చినవే.

బిడ్డని కాపాడటానికి రెండు మార్గాలు. ఒకటి, గర్భిణికి వేసే అబ్రిస్వో టీకా. తల్లిలో పుట్టిన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకి చేరతాయి. ట్రయల్‌లో పుట్టిన మూడు నెలల దాకా తీవ్రమైన జబ్బుని 82 శాతం, ఆరు నెలల దాకా 69 శాతం తగ్గించింది. అమెరికాలో 32 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 28వ వారం నుంచి వేయొచ్చంటుంది. టీకా వేసుకున్న రెండు వారాల లోపే ప్రసవమైతే బిడ్డకి యాంటీబాడీలు చాలినంత అందవు.

రెండోది, బిడ్డకే నేరుగా ఇచ్చే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్. ఇది టీకా కాదు, తయారుగా ఉన్న యాంటీబాడీ. ఒక్క డోసుతో కనీసం ఐదు నెలలు రక్షణ ఉంటుంది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలూ ఈ రెంటిలో ఏదో ఒకటి ప్రవేశపెట్టాలని సిఫారసు చేసింది. ఎక్కువమంది పిల్లలకి ఒకటి చాలు, రెండూ అక్కర్లేదు. ఇవి రాకముందు, నెలలు బాగా తక్కువై పుట్టిన పిల్లలకి, గుండె జబ్బున్న పిల్లలకి 1998లో వాడుకలోకి వచ్చిన పాలివిజుమాబ్ అనే పాత యాంటీబాడీని సీజన్‌లో నెలకోసారి ఇచ్చేవాళ్లు.

పెద్దవాళ్లకి 2023 నుంచి టీకాలున్నాయి: అరెక్స్‌వీ, అబ్రిస్వో, తర్వాత వచ్చిన ఎంరెస్వియా. ప్రస్తుతానికి ఒక్క డోసు, ఏటా అక్కర్లేదు. మీ దగ్గర ఏవి అనుమతి పొందాయో, ఎవరికి ఇస్తున్నారో డాక్టరుని అడగండి. గర్భిణి అయితే ఏడో నెలలో చూపించుకోవడానికి వెళ్లినప్పుడే అడగాలి. తొమ్మిదో నెల దాకా ఆగితే అప్పటికి అదను దాటిపోవచ్చు.

11. తగ్గాక

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కూడా ముక్కు శుభ్రం చేయడం, కొంచెం కొంచెంగా పాలివ్వడం వారం పాటు కొనసాగించండి. జ్వరం లేకుండా, మామూలుగా తాగుతూ, హుషారుగా ఉంటే పిల్లల్ని క్రెష్‌కి పంపొచ్చు, దగ్గు కాస్త ఉన్నా ఫర్వాలేదు. తీవ్రంగా వచ్చిన పిల్లల్లో కొందరికి ఆ తర్వాత ప్రతి జలుబుకీ పిల్లికూతలు వస్తుంటాయి. అలా రెండు మూడు సార్లు జరిగితే తేదీలు రాసుకుని పిల్లల డాక్టరుకి చూపించండి. దగ్గు నాలుగు వారాలు దాటినా, బరువు పెరగకపోయినా, పాలు తాగేటప్పుడు చెమటలు పట్టి అలిసిపోతున్నా మళ్లీ చూపించాలి. ఒక్కోసారి అప్పటిదాకా బయటపడని గుండె జబ్బు ఇలాంటప్పుడే తెలుస్తుంది.